పర్లాకిమిడిలో మా మిఠాయి కొట్టు ఎప్పటిది?

మా తాత పెట్టిన కొట్టు, ఇప్పుడు బాబాయి చూస్తున్నాడు. జీడి (పాకం లాగి చేసే మిఠాయి), పప్పుండలు అమ్ముతాం. కాగితాలు లేవు. "ఒరిస్సాలో కలవకముందే పెట్టాం" అంటుంది నానమ్మ. ఎలా తేల్చాలి?

జవాబు: అంటే 1936 ఏప్రిల్ 1కి ముందన్నమాట. దస్తావేజుల్లో జిల్లా పేరు చూసి లాభం లేదండీ, 1992లో గజపతి జిల్లా వచ్చేదాకా అటూ ఇటూ గంజామే. 1936కి ముందు ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి, మద్రాసు అని ఉందేమో చూడండి.

ఇంకొకరు: ఖాతా పుస్తకం వెతకండి. అణాల బదులు నయాపైసలు 1957లో వచ్చాయి. అయితే ఆ తర్వాతా అలవాటుకొద్దీ అణాలే రాసినవాళ్లున్నారు. అన్నట్టు, జీడిపాకం ఇంకా మేకుకి వేసి తెల్లబడేదాకా లాగుతారా?

అడిగినవారు: లాగుతారండీ, బాబాయి చేతులు చూస్తే తెలుస్తుంది. పుస్తకం అటక మీద దొరికింది. మొదటి పేజీలు చెదలు తినేశాయి. మిగతావన్నీ అణాలే, బాకీలే!