కౌన్సిల్ స్థలాలన్నీ ఒకే లీడ్ డెవలపర్‌కి (పథకం మొత్తాన్ని నడిపే ప్రధాన బిల్డర్‌కి) కట్టబెట్టొచ్చా?

బందరురోడ్డు:
లండన్‌లో హారింగే కౌన్సిల్ (అక్కడి స్థానిక ప్రభుత్వం) 2017 జులైలో లెండ్‌లీజ్ అనే డెవలపర్‌తో సగం సగం వాటా కంపెనీకి ఒప్పుకుంది. నార్తంబర్లాండ్ పార్క్ ఇళ్లు, వుడ్ గ్రీన్ ఆఫీసు స్థలాలు, అద్దెకిచ్చిన వాణిజ్య భవనాలు అందులోకి వెళ్లాలి. 20 ఏళ్లలో 6,400 ఇళ్లు. 2018 జులైలో కౌన్సిల్ కొత్త కేబినెట్ దాన్ని రద్దు చేసింది. తప్పు చేశారనే అంటాను. రోడ్లు, డ్రైనేజీ, కరెంటు ముందు వేయాలి, ఇళ్లు అమ్ముడయ్యేది ఏళ్ల తర్వాత, అంతదాకా పెట్టే డబ్బు కౌన్సిల్ దగ్గర లేదు. ముక్కలు చేసి చిన్న బిల్డర్లకిస్తే లాభం వచ్చే ముక్కలే కడతారు, డ్రైనేజీ ఎవరికీ పట్టదు.

టేమ్స్‌గట్టు:
బందరురోడ్డు గారూ, డబ్బు లేదన్న వాదన 2017 నాటిది. కౌన్సిళ్లు తమ అద్దె ఇళ్ల ఖాతా మీద చేసే అప్పుకు అప్పట్లో పరిమితి ఉండేది, 2018 అక్టోబరులో ఎత్తేశారు. అసలు చిక్కు సగం సగంలోనే ఉంది. బోర్డులో ఓట్లు సమానమైతే ఎవరి మాటా నెగ్గదు, పని ఆగుతుంది, వడ్డీ పెరుగుతుంది. పైగా వాటాదారూ, మేనేజ్‌మెంట్ ఫీజు తీసుకునేదీ, కాంట్రాక్టరూ ఒకే గ్రూపు వాళ్లయితే, ఖర్చు పెరిగినా వాళ్ల ఫీజు ముందే చేతికొస్తుంది. కౌన్సిల్‌కి దక్కేది ఆఖర్న మిగిలినదాంట్లో సగం.

లేఅవుట్‌మనిషి:
లండన్‌లోనే హేగేట్ ఎస్టేట్ లెక్క చూడండి. సదర్క్ కౌన్సిల్ సుమారు 1,200 ఇళ్లున్న ఎస్టేట్‌ని లెండ్‌లీజ్‌కి 5 కోట్ల పౌండ్లకు ఇచ్చింది. జనాన్ని ఖాళీ చేయించడానికే దాదాపు 4.4 కోట్లు పోయాయి. కొత్తగా 2,500 పైచిలుకు ఇళ్లొస్తే, వాటిలో సామాజిక అద్దెవి (పేదలకు తక్కువ అద్దెకిచ్చేవి) 82. కౌన్సిల్ నియమం 35 శాతం అందుబాటు ధర ఇళ్లు, ఒప్పుకున్నది 25. ఈ కోత పడేది వయబిలిటీ రిపోర్టులో, అంటే ప్రాజెక్టు గిట్టుబాటవుతుందా అని వేసే లెక్కలో. అమ్మకం ధర తక్కువగా, ఖర్చు ఎక్కువగా, డెవలపర్ లాభం 25 శాతంగా వేస్తే పేదల ఇళ్లకు చోటుండదు. తర్వాత ధరలు పెరిగినా, లెక్క మళ్లీ చూడాలనే రివ్యూ క్లాజు లేకపోతే ఆ పెరిగిందంతా డెవలపర్‌దే. ఆ రిపోర్టు బయటికి రావడానికి ట్రిబ్యునల్ దాకా వెళ్లాల్సొచ్చింది. ఇది నాకు మింగుడుపడదు.

బందరురోడ్డు:
నిజమే, కానీ అది ఒప్పందం రాసినవాళ్ల తప్పు. అదే హారింగేలో హై రోడ్ వెస్ట్ అనే స్కీముని లెండ్‌లీజ్‌కే ఉంచారు. 2021లో అక్కడి లవ్ లేన్ ఎస్టేట్ వాళ్ల ఓటింగ్‌లో మెజారిటీ సరేనంది. లీడ్ డెవలపర్ అంటేనే వద్దనుకుంటే అక్కడా వద్దనేవాళ్లు కదా?

టేమ్స్‌గట్టు:
అది ఒక్క స్కీముకు రాసుకున్న ఒప్పందం, 20 ఏళ్ల ఉమ్మడి కంపెనీ కాదు. అమరావతి స్టార్టప్ ఏరియా గుర్తుందిగా, 1,691 ఎకరాలు, సింగపూర్ కన్సార్టియంకి 58 శాతం వాటా, మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థకి 42. స్విస్ ఛాలెంజ్‌లో (ఒకరి ప్రతిపాదన చూపి, దాన్ని మించమని మిగతావాళ్లని పిలిచే పద్ధతిలో) ఇచ్చారు, ప్రభుత్వం మారాక 2019 నవంబరులో మూసేశారు. దీర్ఘకాల ఒప్పందాలకు ఎన్నికల గండం తప్పదండీ.

లేఅవుట్‌మనిషి:
అందుకే ఫ్రీహోల్డ్, అంటే స్థలం మీద శాశ్వత హక్కు, కౌన్సిల్ దగ్గరే ఉండాలి. ఒక దశలో రోడ్లు, సామాజిక అద్దె ఇళ్లు అప్పగించాకే తర్వాతి ముక్కకు లీజు. గడువు తేదీ దాటితే ఆ స్థలం వెనక్కి. కాంట్రాక్టుకు బయటి టెండరు తప్పనిసరి. డెవలపర్ వీటికి ఒప్పుకోకపోతే, కౌన్సిల్ సొంతంగా అప్పు తెచ్చి మొదటి దశ కట్టడమే మేలు.