సైన్ స్తంభం స్లిప్ బేస్ వాలు మీద పడితే 4 అంగుళాల నియమం ఎలా చూడాలి?

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఉండి అమెరికా హైవే ప్రాజెక్టులకు సైన్ డ్రాయింగులు చేస్తాను. ఒక జంక్షన్ దగ్గర పెద్ద సైన్‌కి స్లిప్ బేస్ ఇచ్చాం, అంటే కారు గుద్దగానే రెండు ప్లేట్లు జారి విడిపోయి, స్తంభం పైన ఉన్న హింజ్ (కీలు) దగ్గర మడుచుకుని పైకి లేస్తే కారు కింద నుంచి వెళ్లిపోవాలి. నేలలో మిగిలే స్తంభం మొదలు ముక్క ఎత్తు 4 అంగుళాలు దాటకూడదు, లేకపోతే కారు అడుగుభాగం దానికి తగులుతుంది.

ఆ ఎత్తును స్తంభానికి అటూ ఇటూ నేలను కలిపే 60 అంగుళాల సరళరేఖ పట్టి, రోడ్డు మధ్యగీతకు అడ్డంగా కొలవమంటారు కదా, మరి పక్క రోడ్డు నుంచి కూడా కారు వచ్చి గుద్దే చోట ఏ దిక్కున కొలవాలి? నేల ఒకవైపు వాలుగా ఉంది, ఒక దిక్కులో 4 లోపే వస్తోంది, ఇంకో దిక్కులో దాటుతోంది. మట్టి పోసి చదును చేయించాలా, స్తంభాన్నే జరపాలా? ఏ వైపు నుంచైనా జారే త్రికోణపు బేస్‌కి మారదామన్నా, మాష్ (MASH, రోడ్డు పక్క సామగ్రిని వాహనంతో గుద్దించి చూసే అమెరికా ప్రమాణం) పరీక్షలు మామూలుగా చదును నేల మీదే చేస్తారు, వాలు మీద బంపర్ ఇంకా పైన తగిలితే అలాగే జారుతుందా?

ఇంకో టెన్షన్ బోల్టులది. ఎక్కువ బిగిస్తే ప్లేట్లు జారవు, అందుకే టార్క్ విలువ (ఎంత బలంతో తిప్పి బిగించాలో) డ్రాయింగ్ నోట్‌లో రాస్తాం, కానీ సైట్‌లో దాన్ని ఎలా చెక్ చేయిస్తున్నారు? ఫీల్డ్‌లో చేసినవాళ్లు దయచేసి చెప్పండి, ఇది మనుషుల ప్రాణాలకు సంబంధించింది.