అప్‌డేట్: మోడల్ టెన్షన్‌ను కాదు, మనుషులను గుర్తుపట్టింది

చేతి బ్యాండు సంకేతాలతో టెన్షన్‌ను పట్టే నా మెషిన్ లెర్నింగ్ మోడల్ పరీక్షలో బ్రహ్మాండంగా ఉండి, మా చెల్లి చేతికి పెడితే ఎందుకు తప్పుతోందని అడిగాను కదా, కారణం దొరికింది.

మోడల్‌కు నేర్పడానికి వాడిన 2018 నాటి వెసాడ్ డేటాలో (టెన్షన్, నవ్వు, మామూలు స్థితుల్లో మనుషుల శరీర సంకేతాల రికార్డులు) ఉన్నది 15 మందే. సంకేతాలను చిన్న ముక్కలు చేసి, అన్నీ కలిపేసి శిక్షణకు, పరీక్షకు పంచాను. దాంతో ఒకే మనిషి సంకేతాల ముక్కలు శిక్షణలోనూ పరీక్షలోనూ పడ్డాయి. ఇప్పుడు 14 మందితో నేర్పి, మిగిలిన ఒక్కరిపై పరీక్షిస్తూ 15 సార్లు తిప్పాను. స్కోరు బాగా పడిపోయింది. బాధేసింది, కానీ నిజమైన స్కోరు ఇదే.

బ్యాండు సంకేతాల్లో ఒకటైన చర్మంలో చెమ్మ ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. ఎవరి ప్రశాంత స్థితితో వాళ్లనే పోల్చాక స్కోరు కొంత కోలుకుంది. నవ్వు తెప్పించే వీడియోలు చూసినప్పటి స్థితి మాత్రం ఇంకా మామూలు స్థితితో కలిసిపోతోంది.

"డేటా ఎలా విడదీశారు?" అని మొదట అడిగినవారికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.