కాగితం మిల్లు వాసన: ఓర్చుకోవాలా, కొలవాలా?

గాజువాక వాసి (చర్చ మొదలుపెట్టినవారు):
మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకటే గొడవ. యలమంచిలి, పాయకరావుపేట వైపు సరుగుడు తోటలు ఇన్ని ఉన్నాయి, కర్రంతా బయటి మిల్లులకు పోతోంది, విశాఖ పక్కనే ఆ కర్రతో కాగితపు గుజ్జు చేసే పల్ప్ మిల్లు ఒకటి పెడితే పోలా అని ఒకాయన అన్నారు. ప్రాజెక్టేమీ లేదు, ఊరికే మాట. అయినా నాకు ఒళ్లు మండింది. స్టీల్ ప్లాంటు, రిఫైనరీ, ఎరువుల ఫ్యాక్టరీ, రేవులో బొగ్గు చాలవా మనకి? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అత్యధిక కాలుష్య పరిశ్రమలని 17 రకాలను గుర్తించింది, అందులో పల్ప్, పేపర్ కూడా ఉంది. చుట్టాలింటికి వెళ్లినప్పుడు ఒక మిల్లు పక్కన కొన్నాళ్లు ఉన్నాను. తలుపులన్నీ వేసుకున్నా కంచం ముందు కూర్చుంటే కుళ్లిన గుడ్డు వాసనే. "వాసనే కదా, అలవాటైపోతుంది" అన్నారు అక్కడివాళ్లు. ఇక్కడ కూడా అలా అనేవాళ్లున్నారా?

సింధియా కుర్రాడు:
నేనున్నాను. ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి బూడిద రంగుకి తిరిగే చోట ఉంటున్నాం. కంటికి కనిపించే దుమ్ము సంగతి తేలకుండా వాసన గురించి చర్చ ఏంటన్నా?

సరుగుడు రైతు:
అయ్యా, సరుగుడు నాలుగైదేళ్లు పెంచాలి. మాకు డబ్బు టన్ను లెక్కన వస్తుంది. కొట్టిన రోజు నుంచి కర్ర ఆరుతూ బరువు తగ్గిపోతుంది. లారీ దొరక్కపోతే ఆ తగ్గిన బరువంతా నా జేబులోంచే. కిరాయి, కూలి, మధ్యలో ఏజెంటు, అన్నీ పోగా మిగిలేది చూస్తే ఇంకో పంట వేసుకుంటే బాగుండేదనిపిస్తుంది. మిల్లు దగ్గరుంటే పొద్దున కొట్టిన కర్ర సాయంత్రానికి కాటా మీద ఉంటుంది. గాజువాకలో కూర్చుని వద్దనడం తేలికే. మీ పిల్లల నోటు పుస్తకాలు ఏ ఊరి గాలి చెడగొట్టి వస్తున్నాయో ఎప్పుడైనా ఆలోచించారా?

గాజువాక వాసి:
మంచి దెబ్బే కొట్టారు. కానీ ఆ ఊరి గాలి చెడింది కాబట్టి ఈ ఊరిదీ చెడాలన్నది సమాధానం కాదు కదండీ.

పాత డైజెస్టర్ ఆపరేటర్:
పల్ప్ మిల్లులో పనిచేసి రిటైరై, ఇప్పుడు ఎంవీపీ కాలనీలో ఉంటున్నాను. ముందు ఒక సంగతి. "కాగితం మిల్లు" అంటే అన్నీ ఒకటే కాదు. పాత కాగితం నానబెట్టి మళ్లీ కాగితం చేసే మిల్లుకి ఈ గుడ్డు వాసన ఇంతగా ఉండదు, దాని బెడద ఎక్కువగా బాయిలర్ పొగ. మీరు చెబుతున్న వాసన క్రాఫ్ట్ పద్ధతిలో కర్ర ఉడికించే చోటిది.

కర్రను చిప్స్‌గా కొట్టి డైజెస్టర్‌లో, అంటే కర్ర ఉడికించే పెద్ద మూత పాత్రలో వేసి, కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిసిన వైట్ లిక్కర్‌తో సుమారు 170 డిగ్రీల దాకా వేడెక్కిస్తాం. నారను పట్టి ఉంచే లిగ్నిన్ కరిగిపోతుంది. ఆ కరిగే క్రమంలోనే సల్ఫైడ్ లిగ్నిన్‌తో కలిసి మిథైల్ మెర్కాప్టాన్, డైమిథైల్ సల్ఫైడ్ పుడతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్‌తో కలిపి వీటిని టీఆర్ఎస్ (టోటల్ రెడ్యూస్డ్ సల్ఫర్) వాయువులంటారు, ఆ గుడ్డు వాసన వీటిదే. మిగిలిన నల్ల ద్రవం, అదే బ్లాక్ లిక్కర్‌ని చిక్కబరిచి సోడా రికవరీ బాయిలర్‌లో కాలుస్తాం. ఆవిరీ వస్తుంది, కరెంటూ వస్తుంది, రసాయనాలు చాలావరకు తిరిగొస్తాయి.

పాత మిల్లుల్లో పొగను నేరుగా బ్లాక్ లిక్కర్‌కి తగిలించి చిక్కబరిచేవారు. అక్కడే హైడ్రోజన్ సల్ఫైడ్ గుప్పున లేచేది. కొత్త రకం బాయిలర్లలో ఆ దశే ఉండదు. డైజెస్టర్, లిక్కర్ చిక్కబరిచే ఎవాపరేటర్ల గ్యాసుని పైపుల్లో పట్టి సున్నపు బట్టీలో గానీ బాయిలర్‌లో గానీ కాల్చేయొచ్చు. కాలిస్తే సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది, దాన్ని స్క్రబ్బర్‌లో కడగొచ్చు. బాయిలర్ దుమ్ముని కరెంటుతో పట్టేసే ఈఎస్పీ ఉంటుంది. పెద్ద మిల్లులు ఈ వాసన గ్యాసుల్ని కాల్చే ఏర్పాటు చేసుకోవాలని పరిశ్రమల పర్యావరణ బాధ్యతల మీద 2003లో వచ్చిన క్రెప్ చార్టర్‌లోనే ఉంది. ఇరవై ఏళ్ల కిందటి మాట ఇది, కొత్త డిమాండేమీ కాదు.

సింధియా కుర్రాడు:
అయితే సమస్య తీరిపోయినట్టేగా మాస్టారూ.

పాత డైజెస్టర్ ఆపరేటర్:
మిల్లు నిలకడగా నడుస్తున్నంతసేపు చాలావరకు తీరినట్టే. బట్టీ ఆగితే ఆ గ్యాసు ఎక్కడికి పోవాలి? కరెంటు పోయినప్పుడు, షట్‌డౌన్ తర్వాత మళ్లీ లైటప్ చేసేటప్పుడు గాల్లోకి వదిలేస్తారు. మామూలు రోజు సగటు అందంగానే ఉంటుంది. ఊరివాళ్ల ముక్కుకి గుర్తుండేది ఆ కొన్ని గంటలే.

కెమిస్ట్రీ లెక్చరర్:
అంకెలు చెప్పుకోకపోతే ఈ చర్చ తెగదు. హైడ్రోజన్ సల్ఫైడ్ వంద కోట్ల భాగాల గాలిలో కొద్ది భాగాలున్నా ముక్కు పట్టేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో యూరప్ కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆరోగ్యం కోసం 24 గంటల సగటు ఘనపు మీటరుకి 150 మైక్రోగ్రాములు, వాసన ఇబ్బంది లేకుండా ఉండాలంటే అరగంట సగటు 7 మైక్రోగ్రాములు. అంటే హాని దాకా వెళ్లకముందే ముక్కు చెప్పేస్తుంది. వాసన వచ్చింది కాబట్టి విషం తగిలిందనుకోకూడదు. అలాగని అలవాటైపోతుందన్న మాటని నేను ఒప్పుకోను. పది లక్షల భాగాల్లో వంద దాకా చేరితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. మిల్లు లోపల పనిచేసేవాళ్లకి అసలు ప్రమాదం అదే.

గాజువాక వాసి:
150 లోపు ఉంటే సుఖమే అంటారా మేడం? ఫిన్లాండ్‌లో దక్షిణ కరేలియా ప్రాంతపు పల్ప్ మిల్లుల ఊళ్లలో చేసిన అధ్యయనం 1990లో వచ్చింది. ఈ గంధకపు వాయువులు ఎక్కువగా ఉన్న ఊళ్లో కళ్ల మంట, ముక్కు బాధలు, దగ్గు ఎక్కువని తేలింది. వాళ్లేమీ రోజూ 150 పీల్చినవాళ్లు కాదు. ఇంకో విషయం, మన ఊరి ఆకారం చూడండి. అటు యారాడ కొండ, ఇటు సింహాచలం కొండలు, మధ్యలో పల్లంలో ఊరు. చలికాలం తెల్లవారుజామున పొగ పైకి లేవదు, కొండల మధ్యే తిరుగుతుంది.

సరుగుడు రైతు:
పాయకరావుపేటకీ ఆ కొండలకీ ఏం సంబంధమండీ? ఊళ్లో మిల్లు పెట్టమని నేనెప్పుడన్నాను?

గాజువాక వాసి:
దూరం సంగతి నిజమే, ఒప్పుకుంటాను. కానీ అక్కడ ఉండేదీ మనుషులే, మీ ఊరివాళ్లే.

కెమిస్ట్రీ లెక్చరర్:
ఫిన్లాండ్ ఫలితాన్ని నేను కాదనను. ఆ ఊళ్లో దుమ్ము, సల్ఫర్ డయాక్సైడ్ కూడా ఉండేవి, దేనివల్ల ఎంతో విడదీయడం కష్టం. నన్ను ఎక్కువ చికాకు పెట్టేది వేరే. మన జాతీయ గాలి నాణ్యతా ప్రమాణాల్లో, అవి 2009లో వచ్చాయి, 12 కాలుష్యాలున్నాయి. బెంజీన్, అమ్మోనియా, ఆర్సెనిక్ కూడా ఉన్నాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ లేదు, మెర్కాప్టాన్ లేదు. ఏక్యూఐలో, అంటే గాలి నాణ్యతా సూచీలో లెక్కేసే 8 కాలుష్యాల్లోనూ లేవు. మిల్లు పక్క ఊళ్లో జనం ముక్కు మూసుకుని తిరుగుతున్నా, ఫోన్‌లో ఏక్యూఐ పచ్చగా చూపించొచ్చు. చిమ్నీ దగ్గర హైడ్రోజన్ సల్ఫైడ్‌కి పరిమితి ఉంది, కానీ డైజెస్టర్ మూత దగ్గరో, వ్యర్థజలాల చెరువు మీదో లేచిన గ్యాసు చిమ్నీ గుండా వెళ్లదు కదా.

సింధియా కుర్రాడు:
ఇది నాకు తెలియదు. మా దుమ్ముకి కనీసం పీఎం 10 అని ఒక పేరుంది, ఒక అంకె ఉంది. పట్టించుకోకపోయినా అడగడానికి ఏదో ఒకటి ఉంది. వీళ్లకి అదీ లేదన్నమాట.

గాజువాక వాసి:
అదే నా వాదన. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో స్టైరీన్ లీకై 12 మంది పోయారు. అది వేరే రసాయనం, వేరే ప్రమాదం, పేపర్ మిల్లుతో పోల్చట్లేదు. కానీ ఆ రోజు జనానికి ముందుగా తెలిసింది సైరన్ వల్ల కాదు, ముక్కుల్లోకి వచ్చిన ఘాటు వల్ల. అందుకే మిల్లు ఎక్కడ పెట్టినా కంచె బయట, ఊరి వైపు, టీఆర్ఎస్ కొలిచే పరికరం ఉండాలి. అంకె గంటగంటకీ పంచాయతీ ఆఫీసు గోడ మీద కనిపించాలి. లైటప్ రోజు ముందే చెప్పాలి. అది లేకుండా "వాసనే కదా" అంటే నేను ఒప్పుకోను.

సరుగుడు రైతు:
మీటరు పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. దాని ఖర్చు మాత్రం మా కర్ర రేటులో కోయకుండా చూడండి. ఏ ఖర్చు వచ్చినా చివరికి టన్ను మీదే పడుతుంది, మాకది కొత్త కాదు.

పాత డైజెస్టర్ ఆపరేటర్:
మీటరు ఖర్చు మిల్లు ఖర్చులో లెక్కలోకి రాదు బాబూ. అసలు ఖర్చు గ్యాసు కాల్చే లైన్లది, కొత్త రకం బాయిలర్‌ది. కానీ బ్లాక్ లిక్కర్ ఎంత చిక్కగా కాలిస్తే అంత ఎక్కువ ఆవిరి వస్తుంది, బయట కొనే బొగ్గు అంత తగ్గుతుంది. వాసన తగ్గించే ఆ పని మిల్లుకీ లాభమే. కాబట్టి ఎవరైనా వాసన ఖర్చు పేరు చెప్పి మీ రేటు కోస్తే, సోడా రికవరీలో ఆవిరి ఎంత పెరిగిందో అడగండి.