బీర్ రకాలు వెతికే టూల్: "నలుపు" అని కొడితే లేత రంగు లాగర్లు వస్తున్నాయి

ప్రశ్న (జడ్చర్ల)

అన్నలకు, అక్కలకు నమస్తే. నాది జడ్చర్ల. హైదరాబాద్‌లో ఒక మైక్రోబ్రూవరీలో సర్వీసులో పని చేస్తున్నా. మా దగ్గర కొత్తగా చేరే పిల్లలు ఎక్కువగా పాలమూరు వైపు వాళ్లే. కస్టమర్ "చేదు తక్కువున్నది ఏముంది?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియక టెన్షన్ పడతారు. వాళ్లు ఫోన్‌లో తెలుగులో వెతుక్కోవడానికి ఒక పేజీ చేస్తున్నా. బీజేసీపీ (బీర్ జడ్జీలకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) వాళ్ల 2021 స్టైల్ గైడ్ ముందు పెట్టుకుని వందకు పైగా రకాలు ఎక్సెల్‌లో ఎక్కించి, ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లోకి మార్చా. పేరును మామూలుగా పోల్చి వెతుకుతున్నా, వర్ణనను అందులోనే మాటలు వెతికే భాగమైన ఎఫ్‌టీఎస్5తో.

ఇబ్బందులు ఇవి. "నలుపు" అని వెతికితే మ్యూనిక్ హెల్లెస్ వస్తోంది, అది బంగారు రంగు బీరు. "స్టౌట్" దొరుకుతుంది, "స్టౌటు" దొరకదు. ఆల్కహాల్ 5 శాతం అని కొడితే ఒక్కటీ రాదు. రెండు వారాలుగా సెలవు రోజులన్నీ దీని మీదే పెట్టా. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి.

జవాబు (నల్గొండ)

తమ్మీ, నేను డిగ్రీ పిల్లలకు డేటాబేస్ పాఠం చెప్తాను. తెలుగు కథల సూచిక ఒకటి చేస్తూ మా విద్యార్థులు కూడా సరిగ్గా ఇక్కడే చిక్కుకున్నారు.

ఎఫ్‌టీఎస్5కు మనం ఏమీ చెప్పకపోతే యూనికోడ్61 అనే టోకెనైజర్ (వాక్యాన్ని మాటలుగా విడగొట్టేది) వాడుతుంది. అది అక్షరాలను, అంకెలను మాత్రమే మాటలో భాగం అనుకుంటుంది. మన గుణింతం గుర్తులు, పొల్లు యూనికోడ్ లెక్కలో అక్షరాలు కావు, వాటిని మార్కులు అంటారు. అవి వచ్చిన ప్రతిచోటా మాట తెగిపోతుంది. "నలుపు"లో దానికి మిగిలేవి నల, ప అనే రెండు ముక్కలు. నువ్వు హెల్లెస్ వర్ణనలో "మాల్ట్ గింజలను నలిపి వేడి నీళ్లలో నానబెడతారు" లాంటి వాక్యం రాసి ఉంటావు. "నలిపి"లో మిగిలేవి కూడా నల, ప. యంత్రానికి రెండూ ఒకటే మాట.

టేబుల్ తయారు చేసేటప్పుడు టోకెనైజర్‌కు కేటగిరీస్ అనే ఆప్షన్ ఇవ్వవచ్చు. మామూలుగా అందులో ఎల్ (అక్షరాలు), ఎన్ (అంకెలు) వర్గాలు మొత్తం, సీఓ (ప్రైవేటు వాడకపు కోడ్‌లు) ఉంటాయి. వాటికి ఎంఎన్, ఎంసీ కలుపు, మన గుణింతం గుర్తులు, పొల్లు ఆ వర్గాల్లోవే. ఇండెక్స్ మళ్లీ మొదటి నుంచి కట్టు, పాతది దానంతట అది మారదు.

ఇది తెలుసుకోవడం మంచిదే. కానీ నీ పనికి ఎఫ్‌టీఎస్ అవసరం లేదనే నా అభిప్రాయం. వంద వరుసలే కదా. అన్నీ జేసన్ అనే సాదా టెక్స్ట్ పద్ధతిలో ఒక ఫైల్‌లో పెట్టి, పేజీ తెరవగానే ఫోన్‌లోకి దించేస్తే, అక్షరం కొట్టినప్పుడల్లా వందా వెతికినా ఆలస్యం తెలియదు. పేజీని ఫోన్‌లో దాచి పెడితే బేస్‌మెంట్‌లో సిగ్నల్ లేకపోయినా నడుస్తుంది.

5 శాతం సంగతి: "4.4–5.2" అని ఒకే గడిలో టెక్స్ట్‌గా పెట్టావా?

అడిగిన తమ్ముడు

అవునన్నా, గైడ్‌లో ఎట్లా ఉందో అట్లే పెట్టా.

జవాబు (నల్గొండ)

అదే కారణం. కనిష్ఠానికి ఒక గడి, గరిష్ఠానికి ఒక గడి చెయ్యి, రెండూ అంకెలుగానే ఉండాలి. టెక్స్ట్‌గా ఉంచితే "10" వచ్చి "4" కంటే ముందు కూర్చుంటుంది. 5 అని అడిగితే కనిష్ఠం 5 కంటే ఎక్కువ కాకుండా, గరిష్ఠం 5 కంటే తక్కువ కాకుండా ఉన్నవి చూపించు. జర్మన్ పిల్స్ 4.4 నుంచి 5.2, వైస్‌బియర్ 4.3 నుంచి 5.6, రెండూ వస్తాయి. అమెరికన్ ఐపీఏ 5.5 దగ్గర మొదలవుతుంది, రాదు.

జవాబు (మిర్యాలగూడ)

తమ్ముడూ, మాది రైస్ మిల్లు, స్టాకు సాఫ్ట్‌వేర్ నేనే చూసుకుంటాను. నీ స్టౌటు కష్టం నేను వడ్లతో పడ్డాను. బీపీటీ 5204 అన్నా సాంబ మసూరి అన్నా ఒకటే రకం. ఆర్‌ఎన్‌ఆర్ 15048 అన్నా తెలంగాణ సోనా అన్నా ఒకటే. రైతు ఒక పేరు చెప్తాడు, సంచి మీద ఇంకో పేరు ఉంటుంది, మా గుమాస్తా మూడో స్పెల్లింగు కొడతాడు. పేరు గడి పక్కన "పిలుపు పేర్లు" అని ఇంకో గడి పెట్టాక నాకు ప్రాణం తెరిపిన పడింది. నువ్వూ పెట్టు. వైస్‌బియర్ పక్కన హెఫెవైజెన్, వీట్ బీర్, గోధుమ బీరు అని రాయి.

స్పెల్లింగులకు ఇంకో పని చెయ్యాలి. ప్రతి మాటకూ లోపల ఒక సాదా రూపం తయారు చేసి, వెతికే మాటనూ అదే దారిలో సాదా చేసి, ఆ రెండింటినీ పోల్చు. నేను చేసేది ఇది: మొదట నార్మలైజ్ ఫంక్షన్‌తో ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి తెస్తాను, అంటే ఒకే అక్షరాన్ని వేర్వేరు కోడ్‌లతో రాసినా ఒకే తీరుగా మారుస్తాను. తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని గుర్తు తీసేస్తాను. "పిల్స్‌నర్", "పిల్స్నర్" మధ్య తేడా ఆ గుర్తొక్కటే. తర్వాత దీర్ఘాలను హ్రస్వాలు చేస్తాను, మాట చివరి ఉకారాన్ని పొల్లు చేస్తాను. దాంతో స్టౌటు, లాగరు, పోర్టరు అన్నీ దారికి వస్తాయి.

ఒక అక్షరం తప్పినా పట్టుకునే లెక్క పెట్టాలనిపిస్తుంది. పెట్టు, కానీ పొడుగు మాటలకే. "స్టౌట్" మనకు రెండక్షరాల్లా కనబడినా లోపల ఆరు కోడ్‌లు. "ఏల్" మూడే. అంత చిన్న మాటలో ఒక తప్పు ఒప్పుకుంటే దేనికి పడితే దానికి తగులుతుంది.

అడిగిన తమ్ముడు

అక్కా, అన్నా, రాత్రి కూర్చుని చేశా. స్టౌటు వచ్చింది, 5 శాతం వచ్చింది. ఇప్పుడు మాటల దగ్గర ఆగా. మా వాళ్లు "లైట్" అని కొడతారు. కొందరికి అది రంగు, కొందరికి కిక్కు తక్కువ అని. "స్ట్రాంగ్" కూడా అంతే, నల్లగా ఉంటే స్ట్రాంగ్ అనుకుంటారు.

జవాబు (నల్గొండ)

ఆ మాటకు టూల్ సొంతంగా అర్థం తీయకూడదు. "లైట్" కొట్టగానే రెండు బటన్లు చూపించు: రంగు లేతగా, ఆల్కహాల్ తక్కువగా. నొక్కిన దాన్ని బట్టి వడపోయి. నల్లనిదంతా స్ట్రాంగ్ అనే భ్రమ మాత్రం పిల్లల్లో పోగొట్టాలి. ఐరిష్ స్టౌట్ రంగు కొలత ఎస్‌ఆర్‌ఎం (అంకె పెరిగేకొద్దీ ముదురు రంగు) 25 నుంచి 40, అంటే దాదాపు నలుపు, కానీ ఆల్కహాల్ 3.8 నుంచి 5 శాతమే. బెల్జియన్ ట్రిపెల్ రంగు 4.5 నుంచి 7, బంగారంలా మెరుస్తుంది, ఆల్కహాల్ 7.5 నుంచి 9.5. ఈ రెండూ పక్కపక్కన కనబడేలా ఒక పేజీ పెడితే చాలా మేలు.

జవాబు (మిర్యాలగూడ)

నువ్వు మొదట రాసిన కస్టమర్ ప్రశ్న మళ్లీ చదువు. "చేదు తక్కువున్నది" అన్నాడు, రకం పేరు అడగలేదు. కాబట్టి రుచి మాటల గడే నీ టూల్‌కు ముఖ్యం, ఎక్కువ టైమ్ దాని మీద పెట్టు. విట్‌బియర్‌లో నిజంగానే ధనియాలు, నారింజ తొక్క వేస్తారు, ఆ మాటలే రాయి. వైస్‌బియర్‌కు అరటిపండు, లవంగం వాసన ఈస్ట్ వల్లే వస్తుంది, పండు కలపరు. అది కూడా ఒక ముక్క రాయి, కస్టమర్ తప్పక అడుగుతాడు. స్టౌట్‌కు కాఫీ, మాడిన వాసన. గోజ్‌కు పులుపు, కొంచెం ఉప్పు, ధనియాలు. మన పిల్లలకు కల్లు పులుపు చిన్నప్పటి నుంచి తెలుసు. బెర్లినర్ వైస్ దగ్గర "పులిసిన కల్లులా పుల్లగా" అని రాస్తే పేజీ వివరణ అక్కర్లేదు. అయితే వాసన వేరని కూడా చెప్పు.

ఇంకొకటి. ఏమీ దొరకని వెతుకులాటలు ఒక జాబితాలో పడేలా చెయ్యి. ఎవరు కొట్టారో వద్దు, ఏ మాట కొట్టారో చాలు. వారానికోసారి అది చూసి పిలుపు పేర్లలో చేర్చు. మా మిల్లులో సగం పేర్లు అట్లా వచ్చినవే.

అడిగిన తమ్ముడు

జాబితా పెట్టా అక్కా. మొదటి రోజే "వగరు", "నురుగు ఎక్కువ", "మామిడి వాసన" పడ్డాయి. నేను ఒక్కటీ రాసుకోలేదు. వర్ణనలు గైడ్‌లోవి తెలుగు చేసి పెట్టేయొచ్చా?

జవాబు (నల్గొండ)

వద్దు తమ్మీ. ఆ రాత మీద వాళ్లకు హక్కులున్నాయి. అంకెలు తీసుకుని, గైడ్ పేరు పేజీ కింద రాయి. వర్ణన మాత్రం మీ బ్రూవర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, మీ ట్యాప్‌ల మీద ఉన్న ఆరేడు రకాలతో మొదలుపెట్టి సొంతంగా రాయి. "మామిడి వాసన"కు ముందు హేజీ ఐపీఏ చూడు.