శరణార్థుల స్మారకం: పాలరాయి తొడగాలా, కాంక్రీటే వదిలేయాలా?

ప్రశ్న: మా స్టూడియో ప్రాజెక్టుకి లాహోర్‌లోని వాల్టన్ తీసుకున్నాం. 1947లో సరిహద్దు దాటి వచ్చినవాళ్ల పెద్ద శిబిరం అక్కడే ఉండేది. వాళ్ల గుర్తుగా అదే చోట తలపెట్టిన బాబ్-ఎ-పాకిస్తాన్ స్మారకం దశాబ్దాల పాటు ముందుకీ వెనక్కీ ఊగింది. అలాంటి ఎత్తైన కట్టడానికి తెల్ల పాలరాయి మేలా, వట్టి కాంక్రీటా? పేర్లు చెక్కించే ఆలోచన కూడా ఉంది.

జవాబు 1: పాలరాయి వద్దండీ. అందులోని కాల్సైట్ స్ఫటికం వేడికి ఒక దిక్కున సాగుతుంది, ఇంకో దిక్కున ముడుచుకుంటుంది. లాహోర్ ఎండల్లో ఏటా ఇదే జరిగితే రేణువుల పట్టు వదిలి, పలక అప్పడంలా వంగుతుంది. షికాగోలో అమోకో టవర్‌కి తొడిగిన కరారా పాలరాయి ఇలాగే వంగితే, మొత్తం పీకేసి గ్రానైట్ వేశారు. పైగా లాహోర్ పొగలోని ఆమ్లం పాలరాయిని జిప్సంగా మార్చి పొడి రాలుస్తుంది.

తెలుపే కావాలంటే 30 మి.మీ. మందం తెల్ల గ్రానైట్, 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ క్లాంపులు, పలకకి నాలుగు. బరువు మోసేవి కింది రెండే. పై రెండూ గాలికి ఆపడానికి మాత్రమే, కాబట్టి వాటికి కోలగా ఉన్న రంధ్రం ఇవ్వాలి. నాలుగూ గట్టిగా బిగిస్తే మూల పగులుతుంది. సందుల్లో మామూలు సిలికాన్ కొట్టారో, నూనె మరకలు రాయిలోకి ఇంకుతాయి, ఇక పోవు.

జవాబు 2: నా ఓటు కాంక్రీటుకే. ఢాకా దగ్గర సావర్‌లో ఉన్న బంగ్లాదేశ్ విముక్తి యుద్ధ అమరుల స్మారకం చూడండి: ఏడు జతల త్రికోణపు గోడలు, 150 అడుగులు, పైన ఏ రాయీ లేదు, కింద ఎర్ర ఇటుక పరుపు. పని వరస ఇంకా ముఖ్యం. ముందు స్థలం, రోడ్డు, తర్వాత సమాధులు, నడకదారులు, ప్రధాన కట్టడం చివర్న 1982లో. మధ్యలో డబ్బు ఆగినా చేసినంత వరకు పనికొస్తుంది.

వాలు గోడతోనే తంటా. పైవైపు షట్టరింగ్ కింద గాలి చిక్కుకుని బుడగల గుంటలు పడతాయి. ఒక్కో విడత 1.2 మీటర్లు మించకుండా పోసి, షట్టరింగ్‌కి బయటి వైబ్రేటర్ కూడా పెట్టండి. విడతల అతుకు దాచడానికి 20 మి.మీ. గాడి. సిమెంటు ఒకే లాట్ కావాలి, లేకపోతే గోడ చారలు చారలుగా తేలుతుంది. లోపలి ఇనుప చువ్వల మీద కాంక్రీటు మందం (కవర్) 50 మి.మీ. అసలు గోడకి ముందు రెండు మీటర్ల నమూనా గోడ పోసి చూడాల్సిందే.

జవాబు 3: పేర్ల సంగతి. లక్షల మంది వచ్చిన చోట జాబితా ఎప్పటికీ పూర్తి కాదు. కట్టడం మీద చెక్కకుండా, విడిగా మార్చుకునే పలకలు పెట్టి కొన్ని ఖాళీగా వదలండి. ఉర్దూ రాసే నస్తాలీక్ లిపి శైలిలో అక్షరాల సన్నటి తోకలు గ్రానైట్‌లో పెచ్చులూడతాయి. గీత ఎక్కడా 4 మి.మీ. కంటే సన్నబడకుండా ఖుష్‌నవీసుతోనే (చేత్తో అందంగా రాసే లేఖకుడితో) రాయించండి, కంప్యూటర్ ఫాంటు వాడకండి.