చీరల దుకాణానికి ఎస్సెమ్మెస్సా, యాప్ నోటిఫికేషనా?

ప్రశ్న:
విజయవాడలో మాకు చిన్న చీరల దుకాణం ఉంది. ఆషాఢం తగ్గింపు ధరల సంగతి పాత ఖాతాదారులకు తెలియజేయడానికి ఎస్సెమ్మెస్‌లు పంపడం మేలా, ఈమధ్యే చేయించిన యాప్ ద్వారా నోటిఫికేషన్లు పంపడం మేలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
ఎస్సెమ్మెస్‌కు నెట్ అక్కర్లేదు, బటన్ల ఫోనుకూ చేరుతుంది. కానీ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం మీ సంస్థ పేరును, హెడర్‌ను (సందేశంపై పంపేవారిగా కనిపించే పొట్టి పేరు), సందేశపు నమూనాను టెలికాం సంస్థల డీఎల్‌టీ పోర్టల్‌లో (ఇలాంటి నమోదుల కోసమే ఉన్న వెబ్‌సైటు) ముందే నమోదు చేయించుకోవాలి. పైగా ఇంగ్లీషులో 160 అక్షరాలు పట్టే సందేశంలో తెలుగుకు 70 మాత్రమే పడతాయి. గుణింతపు గుర్తులూ, పొల్లూ విడివిడిగా లెక్కకు వస్తాయి కనుక, మనకు రెండక్షరాలుగా కనిపించే ‘పట్టు’ అక్కడ ఐదవుతుంది! 70 దాటితే రెండు సందేశాల ఛార్జీ పడుతుంది.

జవాబు 2:
నోటిఫికేషన్‌కు సందేశానికింత అని టెలికాం ఛార్జీ ఉండదు, చీర ఫొటో కూడా చూపవచ్చు. అయితే ఆండ్రాయిడ్ 13 నుంచి, కొత్తగా యాప్ వేసుకున్నవారు అనుమతిస్తేనే అది కనబడుతుంది. మా అమ్మగారైతే ఆ ప్రశ్నను చదవకుండానే ‘వద్దు’ నొక్కేశారు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. యాప్ ఉన్నవారు నలభైమందే, నంబర్ల పుస్తకంలో తొమ్మిది వందలమంది ఉన్నారు. ముందు నమోదు సంగతే చూస్తాను.

జవాబు 1:
డీఎన్‌డీ (ప్రచార సందేశాలు వద్దనే నమోదు) పెట్టుకున్నవారికి వారి సమ్మతి లేనిదే ప్రచార సందేశం పంపరాదు. బిల్లు వేసేటప్పుడే ఆ సమ్మతిని అడిగి, నమోదు చేసుకోండి.